పళ్ల డాక్టరేగా అనకండి

“బీడీఎస్‌ అయిపోయింది, ఇక షాదీ చేసేద్దాం” అంటున్నారు మా ఆపా. పిల్లేమో ఎండీఎస్‌లో నోరు, దవడల సర్జరీ మూడేళ్లు చదివి, ఆపైన కేన్సర్‌ ఫెలోషిప్‌ చేస్తానంటోంది.

నాకు మామూ యాదికొచ్చారు. జర్దా పాన్‌ లేనిదే ఆయనకు దావత్‌ పూర్తయ్యేది కాదు. బుగ్గలో పుండు నెలల తరబడి మానలేదు. పన్ను గీసుకుంటోందని పీకించుకున్నారు. కేన్సరని తేలేసరికి దేర్‌ అయిపోయింది.

మూడు వారాలైనా మానని పుండు, మూడు వేళ్లు పట్టనంతగా బిగిసిన నోరు. వీటిని ముందు చూసేది పళ్ల డాక్టరే. జర్దా లేని వక్క కూడా కేన్సర్‌ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్‌ విభాగం 2004 నివేదికలోనే చెప్పింది. మన ఇళ్లలో పాన్‌దాన్‌ మాత్రం మూతపడలేదు. పర్దాలో ఉండే నానీలు, దాదీలు లేడీ డాక్టరుకైతే ఝిఝక్‌ లేకుండా నోరు చూపిస్తారు.

ఆపా, జోడే కీ రఖం కోసం దాచిన పైసలతో ఫీజు కట్టండి. నికా మూడేళ్లు ఆగుతుంది. పుండు ఆగదు.