దైవముపై మోపిన నేరము

కేదారనాథమున 2013 జూన్ 16, 17 తేదీలలో జరిగిన ఘోరమును నేటికిని దైవఘటన యని చెప్పి చేతులు కడుగుకొను పెద్దలు గలరు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కావుననే యది శుద్ధాసత్యము కంటె ప్రమాదకరము.

సత్యమైన భాగమును ముందుగా జెప్పుదము. మందాకినీ నది చోరాబారి హిమానీనదము నుండి పుట్టి కేదారాలయము ప్రక్కగా బారుచున్నది. ఆ యేడు వర్షఋతువు ముందుగా వచ్చెను. శిఖరములపై మంచింకను నిలిచియే యుండెను. జూన్ 15 సాయంకాలము మొదలు మరునాటి సాయంకాలము వరకు చోరాబారి యొద్ద 325 మిల్లీమీటర్ల వాన కురిసినట్లు వాడియా హిమాలయ భూగర్భశాస్త్ర సంస్థవారి వర్షమాపకము చూపినది. వాననీరును, మంచు కరగిన నీరును గలిసి, ఆలయమునకు రెండు కిలోమీటర్ల యెగువనున్న చెరువును నింపెను. దాని గట్టు హిమానీనదము తెచ్చి పోసిన రాళ్లును మట్టియు మాత్రమే. 17వ తేదీ యుదయమున నది తెగి, చెరువు కొద్ది నిమిషములలో ఖాళీ యయ్యెను. ఆ రెండు దినములలో రాంబాడా యను మజిలీ యానవాలు లేకుండ బోయెను. నాలుగు వేలకు దక్కువ గాకుండ జనులు మృతులో, అదృశ్యులో యైరి.

వాన నెవరాపగలరు? ఎవరును ఆపలేరు. అయితే నది యొడ్డుననే వసతిగృహములు లేచుటకు అనుమతి నిచ్చినది వానయా? 2007 అక్టోబరులో నేర్పడిన యా రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, 2013 ఏప్రిల్‌లో కాగ్ నివేదిక వెలువడునాటికి ఒక్క మారైనను సమావేశము కాకుండుటకు మంచు కారణమా? అయిదేండ్లకు పైగా తీరిక చిక్కని యధికారులకు ఆ నివేదిక పిదప రెండు నెలల గడువు మాత్రమే దొరకినది.

మన నాయకుల సంగతి చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. తెలుగు యాత్రికులను ఇంటికి దెచ్చు విమానము తమదన్న తమదని డెహరాడూన్ విమానాశ్రయమున ఇరుపక్షముల వారు కలియబడిరి!

ఇక దిగువకు రండు. అలకనందా తీరమున శ్రీనగరమను పట్టణము గలదు. ఇది కాశ్మీరములోనిది కాదు, గఢ్వాలులోనిది. అచ్చట జలవిద్యుత్కేంద్రము కట్టుచు త్రవ్విపోసిన మట్టిని ఏటి యొడ్డున గుట్టలు వేసిరి. వరద యా గుట్టలను మోసికొని పోయి జనుల యిండ్లలో నింపెను. అదియు దైవకార్యమేనని కంపెనీ వాదించెను. 2016లో జాతీయ హరిత న్యాయస్థానము ఆ వాదమును ద్రోసిపుచ్చి, బాధితులకు 9 కోట్ల 26 లక్షల రూపాయలు చెల్లింపుమని తీర్పు చెప్పెను. పాఠకులారా, ఆ కంపెనీ తెలుగువారి వ్యాపార సంస్థకు జెందినదే. కావున ఆ కొండలు మనకు దూరమని చెప్పి తప్పించుకొన వీలులేదు.

పాఠము నేర్చిరా? 2021 ఫిబ్రవరి 7న ఋషిగంగ పొంగెను. ఈ మారు వానయే లేదు. కొండచరియ మంచుతో సహా విరిగిపడెను. తపోవనమున సొరంగములో బనిచేయుచున్న కూలీలు బురదలో సమాధి యైరి. మృతులును, అదృశ్యులును రెండు వందలకు మించిరి.

నాలుగు ధామముల రహదారి మాట యింకను వింతయైనది. నూరు కిలోమీటర్లకు మించిన జాతీయ రహదారిని వెడల్పు చేయవలెనన్న ముందుగా పర్యావరణ పరీక్ష కావలయును. ప్రభుత్వమువారు దాదాపు 900 కిలోమీటర్ల మార్గమును 53 ముక్కలుగా గోసి, ఏ ముక్కకును పరీక్ష యక్కరలేదనిరి. మందాకిని కీ లెక్క ఎవరు చెప్పుదురు?