పడవ దొరికింది, మనుషులు లేరు

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని ఎయిర్లీ బీచ్ నుంచి 2007 ఏప్రిల్ 15న ముగ్గురు మగవాళ్లు ‘కాజ్ 2’ అనే తెరచాప పడవలో బయల్దేరారు. ముగ్గురూ యాభై దాటినవాళ్లే. మూడు రోజుల తర్వాత గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఆ పడవ దానంతటది కొట్టుకుపోతూ గగనతల నిఘా సిబ్బంది కంటపడింది. 20న అధికారులు ఎక్కి చూస్తే ఇంజిన్ నడుస్తోంది. ల్యాప్‌టాప్ వెలుగుతోంది. బల్ల మీద భోజనం సర్ది ఉంది. లైఫ్ జాకెట్లు పడవలోనే ఉన్నాయి. ఒక తెరచాప చిరిగింది. మనుషులు మాత్రం లేరు.

సముద్రపు దొంగలన్నారు, బీమా నాటకమన్నారు, వేరే పడవెక్కి ఎక్కడో కులాసాగా ఉన్నారన్నారు. మరుసటి ఏడాది క్వీన్స్‌లాండ్ కరోనర్ విచారణలో తేలింది చాలా చిన్న సంగతి. పడవలోని జీపీఎస్, వాళ్లే సరదాగా తీసుకున్న వీడియో ఆధారంగా ఆయన జరిగినదాన్ని పేర్చుకుంటూ వచ్చారు. చేపల గాలం చుక్కానికి చుట్టుకుంది. విడదీయబోయి ఒకరు నీళ్లలో పడ్డారు. కాపాడబోయి రెండోవారు పడ్డారు. మూడోవారు హడావుడిగా తెరచాప దించబోయినప్పుడు గాలికి తిరిగిన అడ్డకొయ్య ఆయన్నూ పడేసి ఉంటుంది. బయల్దేరిన రోజే, కొద్ది నిమిషాల్లోనే అంతా ముగిసిపోయిందని కరోనర్ నిర్ధారణ.

ఇంత చిన్న కారణానికి ముగ్గురు పోతారా అనిపిస్తుంది. లెక్క వేస్తే అనుమానం తీరుతుంది. పడవ 5 నాట్ల వేగంతో పోతోందనుకుంటే, అది గంటకు తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. ఒడ్డున సైకిలు తొక్కేవాడు కూడా దాటేసే వేగం. కానీ నీళ్లలో పడ్డవాడికి అది సెకనుకు రెండున్నర మీటర్లు. యాభై మీటర్ల ఈతలో ఒలింపిక్ పతకం కొట్టినవాడు కూడా ఆ వేగాన్ని అందుకోలేడు. ఒక్క నిమిషంలో పడవ నూటయాభై మీటర్లు వెళ్లిపోతుంది. అలల మధ్య మనిషి తల తేలే కొబ్బరికాయంత కూడా కనిపించదు. ఆటోపైలట్ పెట్టిన పడవకు యజమాని పడిపోయాడన్న సంగతి తెలియదు. పెట్టిన దిక్కుకే, అదే వేగంతో, బుద్ధిగా పోతూ ఉంటుంది.

అనుభవం లేనివాళ్లకే ఇలా జరుగుతుందనుకుంటే ఎరిక్ తబార్లీ సంగతి గుర్తు చేసుకోవాలి. అట్లాంటిక్ ఒంటరి పందాన్ని 1964లోనూ 1976లోనూ గెలిచి, ఫ్రాన్స్‌లో ఇంటింటికీ తెలిసిన నావికుడాయన. 1998 జూన్ 12 రాత్రి తెల్లవారితే 13 అనగా, వేల్స్ తీరానికి ఆవల, తన సొంత పడవ ‘పెన్ డ్యూక్’ మీద తెరచాప మారుస్తుండగా కొయ్య తగిలి నీళ్లలో పడిపోయారు. నడుముకు రక్షణ తాడు కట్టుకోవడం ఆయనకు గిట్టేది కాదు. తోటివాళ్లు పడవలో ఉండగానే చీకట్లో కలిసిపోయారు. నెల దాటాక ఒక చేపల పడవ వలలో శవం దొరికింది. ‘పెన్ డ్యూక్’ మీద ఆయన ఒక్కరే ఉండి ఉంటే, ఈపాటికి ఆయన పేరు మీద నాలుగైదు రహస్య కథనాలు పుట్టి ఉండేవి.

సముద్ర రహస్యాలని పేరుపడ్డవాటిలో ఎక్కువ భాగం సాక్షి లేని ప్రమాదాలే. అమెరికాలో 2000 నుంచి 2016 దాకా వేట పడవల నుంచి నీళ్లలో పడి చనిపోయిన 204 మంది వివరాలను అక్కడి వృత్తి భద్రతా సంస్థ పరిశీలించింది. ఒక్కరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. సగం మందికి పైగా పడిపోవడం ఎవరూ చూడలేదు.

పడిపోయినవాళ్ల కథ అది. తమంతట తామే పడవ దిగి వెళ్లిపోయినవాళ్ల కథ వేరు. ‘మేరీ సెలెస్ట్’ ఆ కోవలోది. 1872 నవంబరు 7న న్యూయార్క్ నుంచి 1,701 పీపాల ఆల్కహాల్‌తో జెనోవాకు బయల్దేరిన ఓడ అది. కెప్టెన్ బెంజమిన్ బ్రిగ్స్, ఆయన భార్య, రెండేళ్ల కూతురు, ఏడుగురు నావికులు అందులో ఉన్నారు. డిసెంబరు మొదటి వారంలో అజోర్స్ దీవులకూ పోర్చుగల్‌కూ మధ్య ‘డెయి గ్రాసియా’ అనే ఓడ దాన్ని చూసింది. మనిషి లేడు, చిన్న పడవ లేదు. లాగ్ పుస్తకంలో చివరి నమోదు నవంబరు 25 నాటిది. అడుగున మూడున్నర అడుగుల నీళ్లు చేరాయి. ఒక పంపు విప్పేసి ఉంది. నీటి లోతు చూసే కడ్డీ డెక్కు మీద పడి ఉంది. తొమ్మిది పీపాలు ఖాళీ.

ఈ వివరాలే సగం కథ చెబుతున్నాయి. ఓడ మునుగుతోందనో, ఆల్కహాల్ ఆవిరి అంటుకుని పేలుతుందనో భయపడి, కాసేపు దూరంగా ఉందామని అందరూ చిన్న పడవలోకి దిగి ఉంటారు. పడవను ఓడకు కట్టిన తాడు తెగి ఉంటుంది. ఇంతకన్నా నమ్మదగ్గ ఊహ నాకు కనిపించలేదు. కానీ ఓడను చేర్చిన జిబ్రాల్టర్‌లో కేసు నడిపిన అటార్నీ జనరల్ ఫ్రెడరిక్ సోలీ ఫ్లడ్‌కు హత్యే కావాలి. ఓడలోని కత్తి మీద మరకలను రక్తమన్నాడు, పరీక్షలో కాదని తేలినా వదల్లేదు. ఓడను తెచ్చి అప్పగించినవాళ్ల మీదే అనుమానం నిలబెట్టి, వాళ్లకు దక్కాల్సిన బహుమానం ఓడ, సరుకుల విలువలో అయిదో వంతుకు లోపే తేల్చారు. 1884లో ఆర్థర్ కోనన్ డాయిల్ ఓడ పేరు కాస్త మార్చి కథ రాసేసరికి జనానికి కథ గుర్తుండిపోయింది, పంపు సంగతి మరుగున పడింది.

పసిఫిక్‌లో ‘జొయీటా’ అనే ఓడ విషయంలోనూ ఇదే తంతు. 1955 అక్టోబరు 3న సమోవాలోని ఆపియా నుంచి 25 మందితో తొకెలావు దీవులకు బయల్దేరింది. రెండు రోజుల ప్రయాణం కూడా కాదు. అయిదు వారాలకు, నవంబరు 10న, ఫిజీకి ఉత్తరాన ఒక పక్కకు ఒరిగి సగం మునిగి దొరికింది. జపాన్ జాలర్లు చంపేశారని ఫిజీ పత్రికల్లో రాశారు. యుద్ధం ముగిసి పదేళ్లే అయింది కాబట్టి నమ్మేవాళ్లకు కొదవలేదు. విచారణలో బయటపడింది తుప్పు. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి గొట్టం తుప్పుపట్టి చిట్లింది. చెత్త అడ్డుపడి పంపులు తోడలేదు. రేడియోను ఆపద సంకేతాల ఫ్రీక్వెన్సీ మీదే పెట్టారు గానీ, ఏరియల్ తీగ ఎప్పుడో తెగింది. దాని మీద రంగు కూడా వేసేశారు. వాళ్ల కేక రెండు మైళ్లు దాటి వెళ్లే వీలే లేదు. మరో విషాదం ఏమిటంటే, చేపలు నిల్వ చేయడానికి ఓడ గోడల నిండా బెండు కూరి ఉంది. సరుకులో ఖాళీ డ్రమ్ములున్నాయి. ఆ ఓడ మునగదు. దాన్ని వదిలి తెప్పలెక్కినవాళ్లు ఎవరూ మళ్లీ కనిపించలేదు. ఓడ లోపాలన్నీ వివరించగలిగిన విచారణ సంఘం, మనుషులేమయ్యారో మాత్రం చెప్పలేమంది.

బతికే అవకాశం పడవలోనే ఎక్కువని నావికులకు తెలుసు. అయినా భయం ఆ తెలివిని ఎంత తేలిగ్గా ఓడిస్తుందో 1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెం చూపించింది. తుపానులో చిక్కిన 303 పడవల్లో 24 పడవలను సిబ్బంది వదిలేశారు. తర్వాత చూస్తే అందులో 19 నీటి మీద తేలుతూనే ఉన్నాయి. ఆ పందెంలో 15 మంది పోటీదారులు చనిపోయారు.

నేరాలు లేవని కాదు. 2003 జనవరిలో ఆస్ట్రేలియా వాయవ్య తీరాన సిబ్బంది లేకుండా దొరికిన ‘హై ఎయిమ్ 6’ చేపల పడవలో కెప్టెన్‌నూ ఇంజినీర్‌నూ సిబ్బందే చంపారని తర్వాత ఇండోనేసియాలో దొరికిన ఒక నావికుడి మాటల్లో బయటపడింది. మనసు చెదిరిన సందర్భాలూ ఉన్నాయి. ఒంటరిగా భూప్రదక్షిణ పందెంలో దిగిన డొనాల్డ్ క్రోహర్స్ట్ నెలల తరబడి రేడియోలో అబద్ధపు స్థానాలు చెప్పి, ఆ అబద్ధంతో తిరిగి ఇంటికి చేరే ధైర్యం లేక కనుమరుగయ్యాడు. 1969 జులై 10న ఖాళీ పడవ దొరికినప్పుడు నిజమైన లాగూ దొంగ లెక్కలూ రెండూ అందులో ఉన్నాయి. పందెం గెలిచిన రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ తన 5,000 పౌండ్ల బహుమతిని అతని కుటుంబానికి ఇచ్చేశాడు.

గల్లంతైనవాళ్ల కోసం ఎంత గాలిస్తారన్నది వెతికేవాళ్లు ఎవరన్నదాని మీద కూడా చాలా ఆధారపడుతుంది. 2007 జనవరి 28న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తల్లి అస్థికలు కలపడానికి ఫారలాన్ దీవుల వైపు ఒంటరిగా వెళ్లిన జిమ్ గ్రే తిరిగి రాలేదు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త ఆయన. మనం ఏటీఎంలో డబ్బు తీసినప్పుడు లావాదేవీ సగంలో ఆగిపోకుండా చూసే సిద్ధాంతం వెనక ఆయన కృషి ఉంది. కోస్ట్‌గార్డ్ ఆపేశాక కూడా మిత్రులు వెతికారు. ఉపగ్రహ చిత్రాలు తీయించారు, నాసా విమానం ఎగిరింది, వేలమంది ఇళ్లలో కూర్చుని ఆ చిత్రాల్లో తెల్లటి చుక్క కోసం గాలించారు. పడవ ముక్క కూడా దొరకలేదు. అంత చేసినా దొరకనప్పుడు సముద్రాన్ని తప్ప మరెవర్నీ అనలేం.

జపాన్ పశ్చిమ తీరానికి కొట్టుకొచ్చిన ఉత్తర కొరియా పడవల విషయంలో అలా అనలేం. 2014 నుంచి 2018 వరకు 505 కొయ్య పడవలు ఒడ్డుకు చేరాయి. కొన్నింటిలో అస్థిపంజరాలు, కొన్ని పూర్తిగా ఖాళీ. చాన్నాళ్లు వాటిని ‘దెయ్యపు పడవలు’ అని రాసి వదిలేశారు. 2020లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఉపగ్రహ సమాచారంతో కారణం చూపించింది. చైనా నుంచి వందల సంఖ్యలో పెద్ద పడవలు ట్రాకింగ్ కట్టేసుకుని ఉత్తర కొరియా జలాల్లో స్క్విడ్ వేటకు దిగాయి. వాటి ధాటికి నిలవలేక స్థానిక జాలర్లు బలహీనమైన ఇంజిన్లతో రష్యా జలాల దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇంజిన్ ఆగితే ఇక గాలి దయే. పోయినవాళ్ల పేర్లు బయటి ప్రపంచానికి తెలియవు.

నియమాలూ చిన్న పడవల దాకా రావు. ఓడల గుర్తింపు పరికరం ఏఐఎస్‌ను అంతర్జాతీయ నియమాలు విదేశాలకు తిరిగే సరుకు ఓడల్లో 300 టన్నులు, ఆపైన ఉన్నవాటికే తప్పనిసరి చేశాయి. విమానపు బ్లాక్ బాక్స్ లాంటి రికార్డరు సరుకు ఓడల్లో 3,000 టన్నుల నుంచి మొదలు. చేపల పడవల భద్రత కోసం 1977లో టొరెమొలినోస్‌లో కుదిరిన ఒప్పందం అసలు అమల్లోకే రాలేదు. కాకినాడ జెట్టీలో కట్టిన మరపడవ ఈ నియమాల్లో దేనికిందకీ రాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దిగువన తీరం దాటిన తుపానులో భైరవపాలెం లాంటి ఊళ్ల నుంచి వేటకెళ్లిన వందల మంది గల్లంతయ్యారు. వాళ్లకు చివరి లాగ్ నమోదు లేదు, విప్పి పెట్టిన పంపు లేదు.

అప్పటికీ ఇప్పటికీ మార్పు లేదనడం అన్యాయం. ఇస్రో చేసిన ఆపద సంకేత పరికరం డ్యాట్‌ను వేలాది పడవలు వాడుతున్నాయి. మొదటి రకంలో మీట నొక్కితే సంకేతం వెళ్లేది కానీ, చేరిందో లేదో సరంగుకు తెలిసేది కాదు. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం పరికరం అందిందని జవాబిస్తుంది. లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే కేంద్ర పథకమూ నడుస్తోంది. ఇవన్నీ పడవను కనిపెట్టుకుని ఉండేవి. అర్ధరాత్రి వల లాగుతూ కళాసీ కాలు జారి పడితే పడవకేమీ కాదు. తెర మీద దాని చుక్క మామూలుగానే కదులుతుంది. మనిషి ఒంటి మీద ఉండాల్సింది లైఫ్ జాకెట్, దానికి తగిలించే చిన్న బీకన్. జాకెట్ వేసుకుంటే వల తగులుకుంటుంది, ఉక్కపోస్తుంది అని జాలర్లు చెప్పే మాటలో నిజముంది. పని చేస్తూ వేసుకోగలిగే పలుచటి రకాలున్నాయి. రాయితీ డీజిలుకే కాదు, వాటికీ ఇవ్వొచ్చు.

శవం దొరకని ఇంటి కష్టం ఒడ్డున మొదలవుతుంది. ఏడేళ్లు కబురు లేకపోతేనే మనిషి చనిపోయినట్లు చట్టం భావిస్తుంది. పాత సాక్ష్యాధారాల చట్టంలోని 108వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. ఆ గడువుకు అర్థం లేదనలేం. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చెరలో పడ్డ ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో ఇళ్లకు చేరారు. మెక్సికోలో వేటకెళ్లిన సాల్వడోర్ జాలరి ఒకడు 438 రోజులు కొట్టుకుపోయి 2014లో మార్షల్ దీవుల్లో ప్రాణాలతో తేలాడు. అయితే గల్లంతైన తీరును బట్టి గడువు సడలించవచ్చు. 2017 ఓఖీ తుపాను తర్వాత కేరళ ప్రభుత్వం ఏడేళ్లు ఆగకుండానే కనిపించని జాలర్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. అదొక పెద్ద విపత్తు కాబట్టి కుదిరింది. ఒక్కడు పోయినప్పుడు అలాంటి ఉత్తర్వు ఎవరిస్తారు?

ఏడేళ్లు ఆగినా చిక్కు విడిపోదు. చట్టం మరణాన్ని ఊహిస్తుంది తప్ప, ఎప్పుడు చనిపోయాడన్నది ఊహించదు. ఎల్‌ఐసీ పాలసీ మీద వచ్చిన ఒక కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. మనిషి కనిపించకుండా పోయిన రోజే చనిపోయాడని కుటుంబమే రుజువు చేయాలి, లేదంటే ఆ ఏడేళ్లూ ప్రీమియం కడుతూ పాలసీని బతికించుకోవాలి. కట్టకపోతే అది చెల్లదు. వేటకెళ్లి రాని భర్త పేరు మీద వాయిదాలు కట్టాలని ఉప్పాడలోనో భావనపాడులోనో ఉన్న భార్యకు మొదటి నెలలోనే ఎవరో ఒకరు చెప్పాలి. కట్టడానికి ఆమె చేతిలో డబ్బుండాలి.