చిన్న బాటరీ, పెద్ద పెత్తనం

గాదె నిండా ధాన్యం వున్నా తాళంచెవి కనబడకపోతే ఆ పూటకు పస్తే. ఈ సంగతి మన నానమ్మలకు బాగా తెలుసు. అంచేతనే తాళాలగుత్తి బొడ్డున దోపుకొని తిరిగేవారు. హైబ్రిడ్ కారు తయారుచేసిన ఇంజనీర్లు కూడా సరిగ్గా ఇదే ఏర్పాటు చేశారు. అందులో గాదె వేరు, తాళంచెవి వేరు. గాదె సంగతి కారు కొన్నవాళ్ళందరికీ తెలుసు. తాళంచెవి ఒకటున్నదని మాత్రం, అది పనిచెయ్యని రోజునే చాలామందికి తెలుస్తుంది.

ఈ బళ్ళు లోకానికి కొత్త కాదు. జపానులో టొయోటావారు ప్రియస్ అనే కారును 1997లోనే అమ్మకానికి పెట్టారు. మన దేశానికి అది 2010లో వచ్చింది. ఐతే దాని ఖరీదు విని దణ్ణం పెట్టినవారే ఎక్కువ. మధ్యతరగతి గుమ్మం ముందుకు హైబ్రిడ్లు వచ్చింది 2022లో. హోండా సిటీ, టొయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా ఆ యేడే వరసగా హైబ్రిడ్ రూపం దాల్చాయి. ఇప్పుడు మన ఉద్దానంలోనూ, జీడితోటల మధ్య సన్నని రోడ్ల మీద, చప్పుడు చెయ్యకుండా వెనకనించి వచ్చి మనిషిని ఉలికిపడేట్లు చేసే కార్లు అక్కడక్కడా కనిపిస్తున్నాయి.

ఇటువంటి కారులో ఒక పెద్ద బాటరీ వుంటుంది. చక్రాలను తిప్పేదీ, పెట్రోలు ఇంజనును లేపేదీ అదే. రెండోతరం ప్రియస్‌లో దాని బలం 201.6 వోల్టులు: 1.2 వోల్టుల గదులు 168 వరసగా కలిపితే వచ్చిన లెక్క. ఇది గాక, ఓ మూల పన్నెండు వోల్టుల సీసం బాటరీ ఒకటి అణగిమణగి కూర్చుని వుంటుంది. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచివాడు కనిపెట్టిన పాత సరుకుకు ముని మనవడు. మామూలు కారులో ఇంజను తిప్పే భారమంతా దీనిదే. హైబ్రిడ్‌లో ఆ చాకిరీ తప్పింది. చాకిరీ పోయి పెత్తనం వచ్చింది.

ఆ పెత్తనం ఎటువంటిదంటే, కారు ఆపి తాళం వేసినప్పుడల్లా పెద్ద బాటరీకీ మిగతా బండికీ మధ్య లంకె తెగిపోతుంది. మనుషుల ప్రాణాలకు రక్షణగా కావాలనే అలా అమర్చారు. రెండు వందల వోల్టులు ఎల్లవేళలా బండి అంతటా పారుతూ వుంటే, ఏదైనా గుద్దుకున్నప్పుడు చెయ్యి వేసినవాడి గతేమిటి? మళ్ళీ ఆ లంకె కలపాలంటే లోపలి కంప్యూటర్లు మేలుకోవాలి, రిలే అనే మీట పడాలి. ఆ రెండు పనులకూ కావలసినది ఈ పన్నెండు వోల్టులే. లంకె ఒకసారి కలిసిందా, పెద్ద బాటరీయే తన బలంలోంచి కాస్త దించి చిన్నదానికి మేత పెడుతుంది. చిన్నది పడుకుందా, పెద్దది నిండుగా వున్నా కారు కదలదు. అన్నీ వున్నాయి గాని అల్లుడి నోట్లో శని వున్నదన్నట్లు వుంటుంది వ్యవహారం.

వజ్రపుకొత్తూరు అవతల సముద్రానికి దగ్గరగా వున్న ఒక వూళ్ళో మా అక్కయ్యగారి ఇల్లు. బావగారి దగ్గర హైబ్రిడ్ కారు వుంది. వారి తల్లిగారికి మూత్రపిండాల జబ్బు. ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవ్వరూ ఆశ్చర్యపోరు. ప్రతి వీధికీ తెలిసిన కష్టమే. వారానికి రెండు రోజులు ఆవిడను తెల్లవారగట్ల పలాస తీసుకువెళ్ళి డయాలిసిస్ చేయించాలి. నాలుగేసి గంటల పని. మామూలు ప్రయాణమైతే ఇవాళ కాకపోతే రేపు వెళ్ళవచ్చు. ఈ ప్రయాణానికి రేపు అనే మాట లేదు.

నేను అక్కడ వున్న రోజుల్లో ఓ వేకువను కారు లేవలేదు. తలుపు మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. తాళం బిళ్ళలో దాచిన ఇనప తాళంచెవి తీసి తలుపు తెరిచాం. లోపల దీపాలు మిణుకుమని ఆరిపోయాయి. పాపం, సాయానికి వచ్చిన ఒకాయన రోడ్డున పోయే లారీని ఆపి, దాని బాటరీకి తీగలు కలుపుదామన్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. లారీలో రెండు బాటరీలు కలిసి ఇరవైనాలుగు వోల్టులు. పన్నెండు తాగే బండికి ఇరవైనాలుగు పోస్తే కంప్యూటర్లు మాడతాయి. పక్కింటివారి చిన్నకారు తెచ్చి, ఎర్రది ఎర్రదానికి, నల్లది బానెటు కింది వట్టి ఇనపభాగానికి తగిలించాం. హైబ్రిడ్ మేలుకోవడానికి పెద్ద బలం అక్కర్లేదు గనక రెండు నిమిషాల్లో ‘రెడీ’ అన్న దీపం వెలిగింది.

పలాస చేరాం. నాలుగు గంటల తర్వాత బయటికి వచ్చేసరికి కారు మళ్ళీ మొండికేసింది. సూదులు గుచ్చిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని ఆవిడ ఆసుపత్రి బల్ల మీద కూర్చుంది. డయాలిసిస్ అయిన మనిషికి నిలబడే ఓపిక వుండదు. అక్కయ్య ఆవిడను ఆటోలో ఇంటికి తీసుకుపోయింది. బావగారూ నేనూ కాశీబుగ్గలో బాటరీల షాపుకు పోయి మెకానిక్కును వెంటబెట్టుకు వచ్చాం.

అతను మీటరు పెట్టి చూశాడు. పదిన్నర వోల్టులు. ఆ అంకె చూడగానే జబ్బు తెలిసిపోయింది. సీసం బాటరీలో ఆరు గదులు. గదికి రెండు వోల్టుల పైచిల్లర. ఆరూ బాగుంటే పన్నెండున్నర దాటాలి. పదిన్నర దగ్గర ఆగిందంటే ఒక గది చచ్చిపోయిందన్నమాట. దానికి ఎంత ఛార్జి పెట్టినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే.

“అదేటి బాబూ, అంత పెద్ద బేటరీ వుందంటారు, సిన్నది పడిపోతే బండి లెగవదేటి?” అని అడిగాడతను. గాదె సంగతీ తాళంచెవి సంగతీ చెప్పాను. నవ్వి, “అయితే మా ఇంట్లో ముసల్దే” అన్నాడు.

కంపెనీ సర్వీసు కేంద్రానికి ఫోను చేస్తే, అసలు బాటరీ తెప్పించాలనీ, వారం పది రోజులు పట్టవచ్చుననీ చెప్పారు. మళ్ళీ డయాలిసిస్ మూడోనాడు. బావగారిది పాతకాలపు పట్టుదల. “కంపెనీ ముద్ర లేని వస్తువు నా కారులో పెట్టను” అన్నారు. అక్కయ్య ఫోనులో ఒకే మాట అంది: “అత్తయ్యగారు ముద్ర మీద కూర్చుని పలాస వెళ్ళలేరు.”

ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. అందుకనే ఈ ప్రశ్నను కాస్త ఓపిగ్గా విప్పి చూడాలి.

కార్ల కంపెనీలు ఈ చిన్న బాటరీలను స్వయంగా చెయ్యవు. బాటరీలు చేసేవారి దగ్గర కొని తమ పెట్టెలో పెడతాయి. ‘అసలు’ అంటే ఆ పెట్టెలో వచ్చినది. ‘ప్రత్యామ్నాయం’ అంటే బజారులో వేరే పేరుతో దొరికేది. అది ఏ సీమ నుంచో రావక్కర్లేదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో పుట్టిన అమరరాజా సంస్థ 2000లో అమరాన్ అనే పేరుతో కార్ల బాటరీలు బజారులో పెట్టింది. ఇవాళ అవి దేశమంతటా వున్నాయి. కాబట్టి కంపెనీ ముద్ర లేనంత మాత్రాన నాసి సరుకని కొట్టిపారెయ్యనక్కర్లేదు. అలాగని పన్నెండు వోల్టులైతే చాలు, ఏదైనా పట్టిపోతుందని అనుకోవడమూ ప్రమాదమే.

మొట్టమొదట చూడవలసింది బాటరీ ఎక్కడ కూర్చుంటుందన్నది. బావగారి కారులో అది వెనక సామానుల అరలో వుంది. అంటే మనుషులు పీల్చే గాలిలోనే. సీసం బాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను పుడుతుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరితే నిప్పురవ్వకు అంటుకొనే వాయువది. అందుకని అక్కడ ఏ.జీ.ఎం. రకం పెడతారు. అందులో ద్రావకం గాజునూలు పొరల్లో ఇంకి వుంటుంది, ఒలకదు. పుట్టిన వాయువు చాలామట్టుకు లోపలే తిరిగి నీరవుతుంది. మిగిలిన కాస్తా ఒక సన్నగొట్టం ద్వారా కారు బయటికి పోతుంది. షాపులో మొదట చూపించినది మామూలు నీళ్ళ బాటరీ. కొలత సరిపోయింది, ధర చవక. ఐనా నేను వద్దన్నాను. జబ్బుమనిషి కూర్చునే కారులో ద్రావకపు ఆవిరి ఎందుకు?

రెండోది కొలత. బాటరీ మీద 38బి20ఎల్ వంటి గుర్తు వుంటుంది. ఇది జపానువారి లెక్క. 38 బలాన్ని చెప్పే అంకె, బి వెడల్పూ ఎత్తూ చెప్పే తరగతి, 20 పొడవు సెంటీమీటర్లలో. చివరి ఎల్ గాని ఆర్ గాని ధన కొస ఏ వైపున వుందో చెబుతుంది. ఆ ఒక్క అక్షరం మారితే తీగ అందదు. అందేట్టు లాగి తలకిందులుగా తగిలించారా, వేల రూపాయల ఫ్యూజులూ, కన్వర్టరూ ఎగిరిపోతాయి. కొసల లావులో కూడా తేడాలున్నాయి. సన్నకొసకు పెద్ద బిగింపు పెట్టి మధ్యలో రేకుముక్క దోపడం పని కాదు.

మూడోది బిగింపు. గుంతలరోడ్డు మీద కదిలే బాటరీ ఎక్కువకాలం బతకదు. పాత ఇనపపట్టీ దీనికీ సరిగ్గా పట్టాలి. నాలుగోది, ఆవిరి పోయే గొట్టమూ, వేడి చూసే తీగా వున్నచోట అవి మళ్ళీ తమ తమ స్థానాల్లో తగిలించాలి. ఐదోది తయారైన తేదీ. ఏడాదిగా అటక మీద పడివున్న కొత్త బాటరీ కొత్తది కాదు. కొనేముందు మీటరు పెట్టమనండి. నిండుగా వున్న ఏ.జీ.ఎం. 12.8 వోల్టుల దగ్గర పలకాలి.

ఒక హెచ్చరిక. ‘హైబ్రిడ్’ అని వెనక రాసివున్న బళ్ళన్నీ ఈ కోవకు చెందవు. మారుతీవారు 2015లో సియాజ్‌తో మొదలుపెట్టిన రకంలో సాయం చేసే మోటారు చిన్నది. పొద్దున్నే మొదటిసారి ఇంజను తిప్పే బరువు అక్కడ ఈ బాటరీదే. దానికి మాటిమాటికీ ఆగి లేచే పనిని తట్టుకొనే రకం కావాలి. మీ బండి ఏ జాతిదో ముందు తెలుసుకోండి.

ఇక పూచీ సంగతి. బయట సరుకు వాడితే కారు గారంటీ మొత్తం పోతుందని భయపెడతారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన తీర్పులో, బయట రిపేరు చేయించినంత మాత్రాన గారంటీ యావత్తూ రద్దు చెయ్యకూడదనీ, ఆ రిపేరువల్ల కలిగిన నష్టం మేరకే కాదనవచ్చుననీ చెప్పింది. ఆ తీర్పు మీద వ్యాజ్యాలు నడిచాయి గాని అందులోని న్యాయం సామాన్యుడికి అర్థమయ్యేదే. బిల్లూ, బాటరీ గారంటీ కార్డూ మాత్రం భద్రంగా దాచుకోండి.

ఇవన్నీ కూడిన ఏ.జీ.ఎం. బాటరీ ఒకటి శ్రీకాకుళం నుంచి మర్నాటికల్లా కాశీబుగ్గకు వచ్చింది. కంపెనీ చెప్పిన ధరలో మూడింట రెండు వంతులే అయింది. నల్లతీగ ముందు విప్పి, చివర బిగించి, అరగంటలో అమర్చాడు మెకానిక్కు. మూడోనాడు అత్తయ్యగారు వేళకు పలాస చేరారు. ఇది జరిగి పదిహేను నెలలయింది. బావగారు ఇప్పటికీ దాన్ని “ఆ బయటిది” అనే అంటారు. రోజూ వాడుతూనే వున్నారు.

సముద్రపుగాలి తగిలే వూళ్ళవారికి రెండు మాటలు. నౌపడాలో ఉప్పు పండించే గాలే మన బాటరీ కొసల మీదా పనిచేస్తుంది. తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకుంటే తీగ విప్పి, తినేసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక కాస్త వాజలీను రాయండి. తాళం బిళ్ళను కారు పక్కనే గోడకు తగిలించకండి. అది దగ్గర వున్నంతసేపూ కొన్ని కార్లు నిద్రపోవు. వారాల తరబడి కారు కదపకుండా వుంచితే చిన్న బాటరీ నీరసిస్తుంది. వారానికోసారి అరగంటసేపైనా ‘రెడీ’లో వుంచండి.

తుఫాను రోజులకు ఇంకో మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో గడిపామో ఉద్దానంవారికి చెప్పనక్కర్లేదు. అటువంటప్పుడు ఫోన్లకు కారులో ఛార్జి పెట్టుకోవలసివస్తే, ‘రెడీ’ దీపం వెలిగించి పెట్టుకోండి. అది వెలగకుండా పెడితే తాగేదంతా చిన్న బాటరీనే. ‘రెడీ’లో వున్న కారు తనంత తానే ఇంజను వేసుకుంటుంది గనక, మూసిన షెడ్డులో మాత్రం ఆ పని చెయ్యకండి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఆఖరుది పాత బాటరీ. 2022నాటి బాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని తిరిగి శుద్ధిచేసే చోటుకు చేర్చాలి. షాపువాడికి ఇస్తే డబ్బు కూడా కాస్త తగ్గిస్తాడు. పెరట్లో పగలగొట్టి సీసం కరిగించేవాడికి మాత్రం, నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా, అమ్మకండి. ఉద్దానపు జబ్బుకు మూలమేమిటో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చవలసే వుంది. సీసం మూత్రపిండాలను తినేస్తుందన్నది మాత్రం ఏనాడో తేలింది. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రీ, పరిశోధనా కేంద్రమూ వెలిశాయంటే మన మంచినీళ్ళనూ మన మట్టినీ ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో ఆలోచించండి. ఆ నేలలోకి మన చేతులారా మరో విషం ఎందుకు దించాలి?