పాట సముద్రం దాటింది, మరి మన మాట?

మేము రంగూన్‌లో పప్పుధాన్యాలు ఎగుమతి చేసే ఆఫీసుల్లో గుమాస్తాలం. ఈ ఊరిని ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. మా తాతల నోట మాత్రం ఇది రంగం. మాలో ఇద్దరిది శ్రీకాకుళం జిల్లా, ఒకరిది విజయనగరం, ఒకరిది కరీంనగర్. అందరం ఇంటర్ దాకా చదివినవాళ్ళమే. మీ ఇళ్ళలో ఇడ్లీకి నానబెట్టే మినుముల్లో చాలా భాగం ఇక్కడి నుంచే ఓడ ఎక్కి చెన్నై రేవులో దిగుతాయి. ఆ బస్తాల లెక్కలు, ఓడ కాగితాలు రాసుకోవడం మా పని. పాట గురించి రాయడానికి మీకేం అర్హత అని ఎవరైనా అడగవచ్చు. పాడేవాళ్ళం కాదు, వినేవాళ్ళం. విన్నాక తోచింది చెబుతున్నాం.

2023 మార్చి 13, సోమవారం. మా ఆఫీసు తలుపులు తెరిచే వేళకి అమెరికాలో ఆస్కార్ సభ ఇంకా నడుస్తూ ఉంది. 'నాటు నాటు'కి బహుమతి వచ్చిందని ఊరి నుంచి ఫోను మోగింది. ఆ రోజు బిల్లుల్లో ఎన్ని తప్పులు రాశామో దేవుడికెరుక. మా కేకలు విని, పక్క బల్ల దగ్గర లెక్కలు చూసే బర్మా అక్క వచ్చి ఏమయిందని అడిగింది. ఫోనులో పాట చూపించాం. మొత్తం చూసి ఒకే ప్రశ్న వేసింది. "నాటు అంటే ఏమిటి?"

నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఒకడు మోటు అన్నాడు, ఒకడు పల్లెటూరిది అన్నాడు. ఆవిడకి ఎక్కలేదు. చివరికి కరీంనగర్ తమ్ముడు నాటుకోడి సంగతి చెప్పాడు. వెంటనే ఆవిడ ముఖం వెలిగింది. ఇక్కడి బజారులో ఫారం కోడి వేరు, ఊళ్ళో పెరిగిన కోడి వేరు. ఊరి కోడిని 'బర్మా కోడి' అంటారు. "ఓహో అదా, అది ఖరీదు ఎక్కువ కదా!" అంది.

నవ్వుకున్నాం కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. 'వాడొట్టి నాటు మనిషి', 'నాటు సరుకు', 'నాటు వైద్యం' అని మనం తక్కువ చేసి వాడుకునే మాట అది. తెలుగు ముక్క రాని ఆవిడ దానికి మనకంటే ఎక్కువ ధర కట్టింది.

ఈ పాట వివరాలు తెలియనివారు తక్కువ. అయినా పేర్లు చెప్పుకోవడం మర్యాద. రాసింది చంద్రబోస్, స్వరం కట్టింది కీరవాణి. పాడినది ఇద్దరు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. అడుగులు కూర్చినది ప్రేమ్ రక్షిత్. 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని అధ్యక్ష భవనం ముందు చిత్రీకరించారు. మరి ఆరు నెలలకి ఆ దేశం మీద యుద్ధం వచ్చిపడింది. 2022 మార్చి 25న సినిమా విడుదలయింది. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్. భారతీయ సినిమా పాటకి ఆస్కార్ రావడం అదే మొదటిసారి. 2009లో గెలిచిన 'జయ హో' మన రెహమాన్ స్వరమే అయినా, ఆ సినిమా బ్రిటిష్ వాళ్ళది.

ఇలా ఇద్దరు కలిసి పాడిన పాట తన భాషలోనే ప్రపంచం చుట్టిరావడం అంతకుముందూ జరిగింది. 2017 జనవరిలో 'డెస్పసీటో' అనే స్పానిష్ పాట వచ్చింది. పాడినవాళ్ళు లూయిస్ ఫాన్సీ, డాడీ యాంకీ. ఇద్దరిదీ ప్యూర్టోరికో అనే చిన్న ద్వీపం. కొన్ని నెలలకి జస్టిన్ బీబర్ దానికి కొంత ఇంగ్లీషు కలిపి తానూ పాడాడు. ఆ తరువాత అమెరికా పాటల పట్టికలో అది వరుసగా 16 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1996లో 'మకరేనా'ని పాడినదీ ఇద్దరు స్పెయిన్ గాయకులే. దానికీ ఇంగ్లీషు చరణాలు అతికించిన తరువాతే అమెరికాలో మొదటి స్థానం దక్కింది.

అంటే ఆ రెండు పాటలకీ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఇంగ్లీషులో పరిచయం చేయవలసి వచ్చింది. మేముండే ఈ ఊళ్ళో పద్ధతి మరీ సులువు. బయటి బాణీ తీసుకుని బర్మా మాటలు పెట్టి పాడేస్తారు. 'కాపీ తచిన్' అంటారు, తచిన్ అంటే పాట. ఇంగ్లీషు, హిందీ, చైనా బాణీలు ఎన్నో ఇలా ఇక్కడివైపోయాయి. టీ దుకాణంలో కూర్చుంటే, ఎక్కడో విన్న పాటే అనిపిస్తుంది, మాటలు మాత్రం వేరు. దీన్ని తప్పు పట్టడం లేదు. మన సినిమాలవాళ్ళు చేయని పనీ కాదు. కానీ అలా దాటిన పాట తన మాటని ఒడ్డునే వదిలేసి వస్తుంది.

'నాటు నాటు'కీ హిందీలో, తమిళంలో, కన్నడంలో, మలయాళంలో వేరువేరు మాటలు ఉన్నాయి. నెట్‌ఫ్లిక్స్‌లో ఆ సినిమా ఉన్నది హిందీలో కాబట్టి అమెరికాలో చాలామంది మొదట విన్నది హిందీ పాటే. అయినా బహుమతి వచ్చినది తెలుగు పాటకి, సభలో వినిపించినది తెలుగు. అందులో ఉన్నవి ఏమిటి? పోలేరమ్మ జాతర, పోట్లగిత్త, మర్రిచెట్టు నీడ, జొన్నరొట్టె, మిరప తొక్కు. తొక్కు అనాలా పచ్చడి అనాలా అని మా గదిలో కరీంనగర్‌కీ శ్రీకాకుళానికీ ఇప్పటికీ తెగలేదు. బయటివాళ్ళకి తెలియదని చంద్రబోస్ అందులో ఒక్క మాటనీ నునుపు చేయలేదు.

ఇంతవరకు సంతోషమే. మిగతాది కూడా చెప్పుకోవాలి.

ఆస్కార్ వేదిక మీద రాహుల్, కాలభైరవ తెలుగులోనే పాడారు. వాళ్ళ ముందు ఆ ఇద్దరు మిత్రుల వేషంలో ఆడినవాళ్ళు మాత్రం మన దేశం వాళ్ళు కారు. అమెరికాలోని మనవైపు నాట్యకారులు దాని మీద అప్పుడే నొచ్చుకున్నారు. ఆ సభ నడిపిన ఆయన మన సినిమాని బాలీవుడ్ అన్నాడు. అది తెలుగు సినిమా అని రాజమౌళి రెండు నెలల ముందే అమెరికాలో చెప్పినా ఆ పేరు వదలలేదు. డెస్పసీటో కథా ఇంతే. బీబర్ ఒక క్లబ్బులో ఆ పాట అందుకుని, స్పానిష్ మాటలు రాక నోటికొచ్చిన శబ్దాలతో నింపేశాడు. 2017 సెప్టెంబరులో ఆ పాట ఇంకా మారుమోగుతూనే ఉండగా ప్యూర్టోరికో మీద మరియా తుపాను విరుచుకుపడింది. ద్వీపంలో నెలల తరబడి కరెంటు లేదు. అక్కడివాళ్ళు అమెరికా పౌరులే, కానీ ఆ ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. వాళ్ళ పాట మొదటి స్థానంలో ఉన్నందువల్ల ఆ పరిస్థితి మారలేదు.

గల్ఫ్‌లో, మలేషియాలో, సింగపూర్‌లో ఉన్న పాఠక సోదరులకి దీని అర్థం విడమరచి చెప్పక్కరలేదు. పాటకి వీసా అక్కరలేదు, స్టే పర్మిట్ అక్కరలేదు. మనిషికి కావాలి. పాట విని ఈల వేసినవాడే ఆ పాట పాడేవాళ్ళ భాషలో మనం ఫోను మాట్లాడుతుంటే విసుక్కుంటాడు.

రంగంలో ఇది కొత్త కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి వచ్చారని మనవాళ్ళకి ఇక్కడ 'కొరింగీ' అని పేరు పడింది. అది గౌరవానికి పిలిచిన పిలుపు కాదు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు సుమారు లక్షన్నర మంది. ఈ రేవులో బస్తాలు మోసింది వాళ్ళే. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేసినదీ, ఆ వెంటనే జరిగిన అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్నదీ వాళ్ళే. 1942లో జపాను దాడి వచ్చినప్పుడు ఎంతోమంది కొండలు, అడవులు దాటి కాలినడకన వెళ్ళారు. 1964లో దుకాణాలు ప్రభుత్వం తీసుకున్నాక మరికొందరు ఓడలెక్కారు. మిగిలినవాళ్ళ పిల్లలకి తెలుగు చెప్పే బడి దూరమయింది.

అలా మిగిలిన కుటుంబాల్లో ఒక మామ్మ మేముండే వీధిలోనే ఉంది. ఎనభై దాటాయి. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఆంధ్రదేశం ఎన్నడూ చూడలేదు. మాలో ఒకాయన కూతురికి తొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు బడి, ఆటపాటలు బర్మా పిల్లలతో. 'నాటు నాటు' మొదటి నుంచి చివరి దాకా అడుగు తప్పకుండా ఆడుతుంది. ఒకరోజు వాళ్ళ నాన్నని అడిగింది, "నాన్నా, పోలేరమ్మ అంటే హీరోయినా?"

అమ్మవారమ్మా అన్నాడు. అమ్మవారు అంటే అని మళ్ళీ అడిగింది. ఆయన దగ్గర మాట అయిపోయింది. అక్కడే కూర్చున్న మామ్మ పిల్లని దగ్గరకి లాక్కుంది. "ఊరి పొలిమేరన ఉంటాదమ్మా. ఊరికి జబ్బు రాకుండా కాస్తాది. పసుపు నీళ్ళు ముర్రాటలు పోస్తారు. మా యమ్మ సెప్పేది" అంది. ఆ పాట మళ్ళీ పెట్టమని చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది మన పాటేనేటి?" అని అడిగింది.

ఊరు చూడని మామ్మకి తెలిసినది, ఊళ్ళో పుట్టి పెరిగిన మేము పిల్లకి చెప్పలేకపోయాం. ఆ రాత్రి మాలో ఎవరికీ సరిగా అన్నం సహించలేదు.

ఒక స్నేహితుడు మాతో వాదించాడు. "ఎందుకింత గొడవ? ఆ పాట గెలిచింది అడుగుల వల్ల, దరువు వల్ల. మాటలు ఎవడికి అర్థమయ్యాయి?" అన్నాడు. నిజమే, ఒప్పుకుంటున్నాం. అర్థం కాకుండానే పాట దాటగలదు. చప్పట్లు కొట్టినవాళ్ళు మర్రిచెట్టుని ఎరగకపోయినా వాళ్ళ తప్పేమీ లేదు. అయితే ఆ మాటలు అర్థం చేసుకోవలసిన వాళ్ళు ఎవరు? మన ఇంట్లో పిల్ల కూడా బీబర్‌లాగే శబ్దాలు మాత్రమే పాడితే, ఆ పాట తెలుగులో ఉండి ఏం లాభం? బయటివాళ్ళ బహుమతితో మన భాష నిలబడదు. ఇంట్లో ఒకరు చెప్పి ఒకరు వింటేనే నిలబడుతుంది.

ఆఫీసులో మా సంగతీ దాచుకోము. యజమాని వింటాడని, పక్కవాళ్ళు నవ్వుతారని గొంతు తగ్గించి తెలుగు మాట్లాడతాం. ఆస్కార్ వచ్చిన రోజున మాత్రం అరిచాం. ఏడాదికి ఒక్క రోజు అరిచి మిగతా రోజులు గుసగుసలాడితే పిల్లలు నేర్చుకునేది గుసగుసే.

అందుకని చిన్న పని ఒకటి మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా గదిలో ఒక గంట. కరెంటు ఉంటే ఫోనులో పాట పెడతాం, లేకపోతే నోటితోనే. ఒక్కో మాట ఆపి పిల్లలకి అర్థం చెబుతాం. తెలియనిది మామ్మని అడుగుతాం. వాళ్ళమ్మ దగ్గర విన్న నాట్ల పాటలు, జోల పాటలు ఆవిడకి గుర్తున్నంత వరకు రాసుకుంటున్నాం. ఇరావతీ డెల్టా పొలాల్లో నాట్లు వేస్తూ మన ఆడవాళ్ళు పాడుకున్నవి అవి. వాటిని ఏ సభా పిలవలేదు, ఏ పట్టికలోనూ లేవు. సరుకు లెక్కలు రాసి పక్కన పడేసిన పాత లెడ్జరులో పదకొండు పేజీలు నిండాయి. కొన్ని చోట్ల మామ్మ ఆగిపోతుంది. అక్కడ ఖాళీ వదిలి ముందుకి వెళుతున్నాం.

పాఠకులకి మా మనవి ఒక్కటే. మీరు ఏ దేశంలో ఉన్నా మీ దగ్గర ఇలాంటి పెద్దవాళ్ళు ఒకరైనా ఉంటారు. లేకపోతే ఊళ్ళో ఉన్న అమ్మకో నాయనమ్మకో ఫోను చేయండి. ఈ ఆదివారం డబ్బులు అందాయా అని అడిగాక, ఒక పాట కూడా అడగండి. రాసుకోండి. కింద వాళ్ళ పేరు రాయండి. మా మామ్మ మొన్న దగ్గుతో మంచం పట్టింది. ఆ ఖాళీలు నింపడానికి ఇంకెన్ని ఆదివారాలు ఉన్నాయో మాకు తెలియదు.

— రంగూన్‌లోని కొందరు తెలుగు గుమాస్తాలు