సగం రిజిస్టర్లతో సెట్‌జంప్ వద్దు

బోర్డుల మీద, సొంత కెర్నళ్ళలో సీ కోడ్ రాసే మిత్రులారా!

ఎక్కడో లోపలి ఫంక్షన్‌లో తప్పు జరిగితే, మధ్యలో ఉన్నవాటన్నిటినీ దాటేసి ఒక్క గెంతులో పైకి రావడానికి సీ భాషలో ఉన్న దారి సెట్‌జంప్, లాంగ్‌జంప్. 1989 ప్రామాణికంలోనే ఇవి ఉన్నాయి. పాడైన బొమ్మ ఎదురైనప్పుడు లిబ్‌పీఎన్‌జీ ఇలాగే బయటపడుతుంది. లువా ఎర్రర్లు పైకి చేరేదీ ఇలాగే. సీ లైబ్రరీ ఉన్నచోట మనకు చింత లేదు. లేనిచోట మనమే నాలుగు లైన్ల అసెంబ్లీ రాసుకుంటాం, లేదా పాత ప్రాజెక్టు నుంచి తెచ్చి అతికిస్తాం. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఆర్మ్ 64 బిట్ ప్రాసెసర్‌నే తీసుకోండి. ఎక్స్19 నుంచి ఎక్స్30 దాకా, వాటితోపాటు స్టాక్ పాయింటర్: ఈ 13 రిజిస్టర్లను సెట్‌జంప్‌లో భద్రపరిచి పని అయిపోయిందనుకునే కోడ్ తేలిగ్గా పుడుతుంది. కానీ డి8 నుంచి డి15 దాకా ఉన్న 8 ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లు కూడా కాలీ సేవ్డ్ జాబితాలోవే. అంటే ఏ ఫంక్షన్ వాటిని వాడుకున్నా, తిరిగి వెళ్ళేముందు పాత విలువలు పెట్టి వెళ్ళాలి.

అవి వదిలేస్తే ఏమవుతుందో చూడండి. సెన్సర్ రీడింగుల మొత్తాన్ని ఒక ఫంక్షన్ డి8లో ఉంచుకుని రెండో ఫంక్షన్‌ను పిలిచింది. రెండోది సెట్‌జంప్ చేసి మూడోదాన్ని పిలిచింది. మూడోది డి8ని తన స్టాక్‌లో దాచి, సొంత లెక్కకు వాడుకుంది. దాచినదాన్ని తిరిగి పెట్టేలోపే లాంగ్‌జంప్ చేసింది. రెండోది మామూలుగానే మొదటిదానికి తిరిగి వచ్చింది. ఇప్పుడు డి8లో ఉన్నది మూడోదాని చెత్త. మొదటి ఫంక్షన్ రాసినవాళ్ళకు సెట్‌జంప్ ఊసే తెలియదు. అందులో వోలటైల్ పెట్టాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? ప్రోగ్రాం కూలిపోదు, ఎర్రర్ రాదు, మొత్తం మాత్రం తప్పు వస్తుంది. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేస్తే విలువలు ఎక్కువగా మెమరీలోనే ఉంటాయి కాబట్టి బగ్ కనబడకుండా పోతుంది. ఇంతకంటే మోసకారి బగ్ వెతికినా దొరకదు.

అలాగని కనబడ్డ ప్రతి రిజిస్టరునూ దాచనక్కర్లేదు. సెట్‌జంప్ కూడా ఒక ఫంక్షన్ కాలే. ఎక్స్0 నుంచి ఎక్స్17 దాకా ఉన్నవి ఏ కాల్ తర్వాతైనా పోతాయని కంపైలర్ ముందే లెక్కవేసుకుంటుంది. దాచాల్సిన జాబితాను ఆ ప్లాట్‌ఫారం ఏబీఐ పత్రం ఖరారు చేస్తుంది. మన ఊహకు అందులో చోటు లేదు. లైనక్స్ మీద ఎక్స్86-64కి ముఖ్యంగా కావలసినవి ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15, స్టాక్ పాయింటర్, రిటర్న్ అడ్రస్: 8 విలువలు, 64 బైట్లు. అదే చిప్ మీద విండోస్ అయితే ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఎక్స్‌ఎంఎం6 నుంచి ఎక్స్‌ఎంఎం15 కూడా చేరతాయి. చిప్ ఒకటే కదా అని లైనక్స్ కోడ్‌ను అక్కడికి మోసుకుపోతే కొంప మునుగుతుంది.

వాహనాల కోడ్‌కు పేరుపడ్డ మిస్రా సీ 2012 నియమాలు సెట్‌జంప్ హెడర్‌నే వాడవద్దంటాయి. వాడకుండా నడిస్తే అదే మేలు, కాదనం. వాడుతున్నవాళ్ళనే అడుగుతున్నాం: పరీక్ష లేని సెట్‌జంప్‌ను బోర్డులోకి ఎక్కించకండి.

పరీక్ష పెద్ద పనేం కాదు. స్టాక్ పాయింటర్, రిటర్న్ అడ్రస్ తప్ప జాబితాలోని ప్రతి రిజిస్టరులో ఒక్కో వేరు విలువ నింపండి. సెట్‌జంప్ చేయండి. నింపినవన్నీ చెరిపేసి లాంగ్‌జంప్ చేయండి. తిరిగి వచ్చాక ఒక్కొక్కటే పోల్చండి. ఇదంతా అసెంబ్లీలోనే సాగాలి, సీలో రాస్తే మధ్యలో కంపైలర్ చెయ్యి పెడుతుంది. స్టాక్ పాయింటర్‌ను విడిగా చూడాలంటే, ఇంకో రెండు ఫంక్షన్లు లోపలికి వెళ్ళి అక్కడినుంచి గెంతండి. లాంగ్‌జంప్‌కు 0 ఇస్తే సెట్‌జంప్ నుంచి 1 రావాలన్నది ప్రామాణికంలోని నియమం, అదీ తప్పకుండా చూడండి. జీసీసీ వాడేవాళ్ళు సొంత సెట్‌జంప్ డిక్లరేషన్‌కు రిటర్న్స్ ట్వైస్ ఆట్రిబ్యూట్ తగిలించాలి. ఫ్లోటింగ్ పాయింట్ అసలే వాడని కెర్నల్ అయితే డి8 మొదలైనవి వదిలేయవచ్చు. అలా వదిలేసిన సంగతి ఫైలు మొదట్లోనే రాసిపెట్టాలి.

మీ ప్రాజెక్టులో సెట్‌జంప్ అసెంబ్లీ ఫైలు ఉంటే ఈ వారమే తెరవండి. పక్కన ఏబీఐ పత్రం పెట్టుకుని రిజిస్టరు రిజిస్టరుకూ సరిచూడండి. తేడా కనిపిస్తే దిద్దండి, ఆ కోడ్ మీరు ఎవరినుంచి తెచ్చుకున్నారో వాళ్ళకూ చెప్పండి.