తెలుసు గానీ మాట్లాడుకోం



రెండు నెలల కింద ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ క్లాసులో వాన మీద ఒక పేరా రాయమన్నాను. ఒక అమ్మాయి 2020 అక్టోబర్ వానల గురించి రాసింది. ఫాక్స్‌సాగర్ నిండి కొంపల్లి వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు వాళ్ల పెదనాన్న వాళ్లు సామాన్లన్నీ పై అంతస్తుకు మోసుకున్నారట. రాయడం అయ్యాక లేచి నిలబడి అడిగింది: "మిస్, మేం ఇప్పుడు కొన్న ఫ్లాట్ దగ్గర కూడా ముందు చెరువు ఉండేదా?"

క్లాసంతా నా వైపు చూసింది. "ఇంటికెళ్లి నాన్నగారిని అడుగమ్మా" అన్నాను. అడిగింది. మర్నాడు సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. "మేడమ్, మీరు ఇంగ్లిష్ టీచర్ కదా, ఇవన్నీ పిల్లల బుర్రలో ఎందుకు పెడతారు? రాత్రి సరిగ్గా పడుకోలేదు." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఇరవై ఏళ్ల ఈఎంఐ పెట్టుకున్న మనిషికి ఆ ప్రశ్న ఎలా తగులుతుందో ఊహించగలను. సారీ చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాతి వారం ఆ టాపిక్ పక్కన పెట్టి లెటర్ రైటింగ్ మొదలుపెట్టాను. (ఈ విషయం ఇక్కడ రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. థాంక్స్ సర్.)

అసలు నేను సారీ ఎందుకు చెప్పాను? అది నాకు అప్పుడు అర్థం కాలేదు. కారీ నోర్గార్డ్ అనే పర్యావరణ సామాజిక శాస్త్రవేత్త చేసిన అధ్యయనం గురించి చదివాక కొంత అర్థమైంది. ఆమె 2000-01 చలికాలంలో నార్వేలోని ఒక చిన్న ఊళ్లో ఉండి, అక్కడివాళ్లతో మాట్లాడి, మీటింగులకు వెళ్లి, పేపర్లు చదివి రాసిన పుస్తకం 'లివింగ్ ఇన్ డినయల్' 2011లో వచ్చింది. ఊరి పేరు బయటపెట్టకుండా మారుపేరు పెట్టారు. ఆ ఏడాది అక్కడ మంచు బాగా ఆలస్యంగా పడింది. స్కీయింగ్‌కు కృత్రిమ మంచు తయారు చేసుకోవాల్సి వచ్చింది. చేపలు పట్టడానికి సరిపడా చెరువు గడ్డకట్టలేదు. అందరూ బాగా చదువుకున్నవాళ్లే, వాతావరణ మార్పు గురించి తెలిసినవాళ్లే. వీధిలో కలిసినప్పుడు "ఈసారి వాతావరణం ఏదో తేడాగా ఉంది" అని తలలు ఊపుకునేవాళ్లు. అంతే. ఊరి సమావేశాల్లో గానీ, రోజువారీ పనుల్లో గానీ ఆ మాట ముందుకు వచ్చేది కాదు.

తెలియక కాదు, నమ్మక కూడా కాదు అంటారామె. ఆ విషయం ఎత్తగానే భయం, నిస్సహాయత, తప్పు చేస్తున్నామన్న భావన వస్తాయి. చమురు, గ్యాస్ అమ్మి ధనికమైన దేశం కదా మరి. అందుకే ఎక్కడ ఏం మాట్లాడాలో, ఎక్కడ మాట మార్చాలో ఎవరూ చెప్పకుండానే అందరూ నేర్చుకున్నారు. టీచర్ల గురించి ఉన్న చోట నేను ఆగిపోయాను. లోపల తమకే ఏం చేయాలో తోచక, పిల్లలకు మాత్రం ఆశ కలిగేలా చెప్పాలి కదా అని వాళ్లు సతమతమయ్యారట. నా సారీ అక్కడ కనిపించింది నాకు.

"అది నార్వే, మనకేం సంబంధం" అనిపించవచ్చు. మన దేశం సంగతి చూద్దాం. యేల్ యూనివర్సిటీ పరిశోధకులు, సీఓటర్ సంస్థ కలిసి 2021 అక్టోబర్ నుంచి 2022 జనవరి వరకు మన దేశంలో 4,619 మంది పెద్దవాళ్లను సర్వే చేశారు. గ్లోబల్ వార్మింగ్ గురించి చాలా తెలుసు అన్నవాళ్లు 9 శాతమే. కొంచెమే తెలుసు, లేదా అసలు వినలేదు అన్నవాళ్లు 54 శాతం. అదేమిటో రెండు ముక్కల్లో వివరించి అడిగితే మాత్రం, అవును జరుగుతోంది అన్నవాళ్లు 84 శాతం. ఆందోళనగా ఉంది అన్నవాళ్లు 81 శాతం. అంటే పేరు తెలియకపోయినా అనుభవం ఉంది. మా ఇంటి ఓనర్ ఆంటీ గ్లోబల్ వార్మింగ్ అనే మాట ఎప్పుడూ వాడరు. కానీ బోరు ఏ ఏడాది ఎన్ని అడుగులకు దిగిందో, ట్యాంకర్ బుకింగ్ ఏ నెలలో మొదలైందో వరసగా చెప్తారు.

బహదూర్‌పల్లిలో ఉంటూ ఇది తెలియకుండా ఉండటం కష్టం కూడా. ఒక పక్క దూలపల్లి అడవి, ఇంకో పక్క రోజుకో కొత్త టవర్. ఏప్రిల్ సాయంత్రం స్కూటీ మీద దూలపల్లి రోడ్డు నుంచి అపార్ట్‌మెంట్ల మధ్యలోకి రండి, చెట్ల దగ్గరి గాలికీ కాంక్రీట్ దగ్గరి గాలికీ తేడా మొహానికే తెలుస్తుంది. సిమెంటు పగలంతా వేడి పీల్చి రాత్రి వదులుతుంది. మన ఏసీలు లోపలి వేడిని తెచ్చి అదే గాలిలోకి వదులుతాయి. నా గదిలోనూ ఏసీ ఉంది, మేలో అది లేకుండా పేపర్లు దిద్దలేను. కాబట్టి ఇది ఎవరినో వేలెత్తి చూపడానికి రాస్తున్నది కాదు. 2015 మేలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, పెద్దవయసువాళ్లు. మన టవర్లు కడుతున్నది కూడా అలా ఎండలో పనిచేసేవాళ్లే.

పీటీఎంలో ఈ మాట వస్తే నాకు తరచూ వినిపించే జవాబు, "అమెరికా వాళ్లు చేసిందానికి మన పిల్లలకెందుకు టెన్షన్?" అని. విచిత్రంగా నార్వేవాళ్లూ అదే అన్నారట: మాది చిన్న దేశం, అసలు దోషి అమెరికా అని. మన విషయంలో అందులో న్యాయం లేకపోలేదు. తలసరి లెక్కన మన దేశం వదిలే కార్బన్ ప్రపంచ సగటులో సగం కూడా ఉండదు. కానీ ఆ సగటులో కరెంటు బిల్లు రెండొందలు దాటని ఇళ్లూ ఉన్నాయి, ఇంటికి రెండు కార్లున్న మన కాలనీలూ ఉన్నాయి. వాళ్ల తక్కువ వాడకాన్ని మన తరఫు జవాబుగా చెప్పుకోవడం నాకు సబబుగా అనిపించదు.

ఇక స్కూల్ వైపు లోపం కూడా చెప్పాలి. పర్యావరణ విద్యను పాఠాల్లో తప్పనిసరి చేయాలని 1991లోనే ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాఠాలు వచ్చాయి. గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ డెఫినిషన్ మన పిల్లలు తడుముకోకుండా చెప్తారు. పర్యావరణ దినోత్సవం జూన్ 5న వస్తుంది, అప్పటికి బడులే తెరవం. అందుకని తెరిచాక ఒకరోజు ఆకుపచ్చ డ్రెస్సులు, మొక్కతో ఫొటో. ప్రాజెక్టు అంటే థర్మాకోల్ భూగోళం. అది చేసింది ఎవరో నాకూ తెలుసు, మీకూ తెలుసు! థర్మాకోల్‌తో పర్యావరణ ప్రాజెక్టు ఏమిటని అడగాల్సింది నేనే, ఇన్నాళ్లూ అడగలేదు.

పిల్లలు భయపడతారన్న ఆ తండ్రి మాట తేలికైనది కాదు. అయితే నేను చూసినంతలో పిల్లలు ప్రశ్నకు భయపడరు. అడగ్గానే పెద్దవాళ్లు మొహాలు చూసుకోవడం వాళ్లను ఎక్కువ భయపెడుతుంది. ఆ అమ్మాయి నిద్రపోనిది చెరువు వల్ల కాదేమో. టీచర్ ఇంటికి పంపింది, ఇంట్లో మాట మార్చారు. అంటే ఇదేదో చెప్పకూడని సంగతి అని అర్థమైపోయింది. ఆ తర్వాత ఆయనా, కూతురూ కలిసి పాత మ్యాపులు వెతికారట. వాళ్ల ఫ్లాట్‌కు చెరువు కాస్త దూరమేనట, వాన నీళ్లు వెళ్లే కాలువ మాత్రం దగ్గర్లోనే ఉందట. ఆ కాలువలో చెత్త గురించి అసోసియేషన్ మీటింగులో అడిగానని ఆయన చెప్పారు. ఏమీ తేలలేదట. అయినా అడిగారు.

వచ్చే నెల ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి మీ ఇంటికి ఒక కాగితం వస్తుంది. అందులో ఐదు ప్రశ్నలే ఉంటాయి. వేసవిలో నెలకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తున్నారు? ఏప్రిల్ కరెంటు బిల్లు, డిసెంబర్ బిల్లు ఎంతెంత? మీ కాలనీ వాన నీళ్లు ఎటు పోతాయి? నానమ్మ, తాతయ్య చిన్నప్పుడు ఎండాకాలం ఎక్కడ పడుకునేవాళ్లు? ఐదోది, మీ అమ్మానాన్నలను ఈ విషయంలో మీరు అడగాలనుకుని అడగనిది ఏమిటి?

దయచేసి జవాబులు మీరు రాసివ్వకండి. తెలుగులో రాసినా తీసుకుంటాను, నానమ్మ చెప్పింది ఇంగ్లిష్‌లోకి మార్చడం క్లాసులో చేద్దాం. అంకెలు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఐదో ప్రశ్న మాత్రం వాళ్లు మిమ్మల్ని అడిగినప్పుడు కాసేపు టీవీ ఆపి కూర్చోండి. తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఆ రోజు క్లాసులో నేను చెప్పాల్సిందీ అదే.