తూటాల పుస్తకం దగ్గర పొదుపు వద్దు

అమెరికాలో ఉన్న మన హోసూరు పిల్లలు కొందరు షూటింగ్ నేర్చుకుని, పేల్చిన తూటాల ఇత్తడి కేసుల్లో మళ్లీ మందు నింపుకుంటున్నారు. ఇక్కడైతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయకూడదు. అక్కడ సొంత వాడకానికి చేసుకుంటారు.

మేం చెప్పేది ఒక్కటే. వీడియో చూసో, స్నేహితుడు చెప్పాడనో మందు కొలత వేయొద్దు. లైమన్ హ్యాండ్‌బుక్‌లో పలు కంపెనీల గుళ్లకు లెక్కలుంటాయి. మొదటి పుస్తకంగా అదే మేలు. హార్నడీ గుళ్లు వాడేవాళ్లు ఆ కంపెనీ పుస్తకం కూడా పెట్టుకోవాలి. పాత ఎడిషన్ చవగ్గా దొరికినా కొత్తదే కొనాలి. పరీక్షించిన తుపాకీ, ప్రైమర్ మారితే అంకెలూ మారతాయి. రెండు పుస్తకాలు కలవకపోతే తక్కువ కొలతతోనే మొదలుపెట్టాలి.

ఫోన్లో "తిన్నావా నాన్నా" అని రోజూ అడుగుతాం కదా. "ఏ పుస్తకం చూస్తున్నావు" అనీ అడుగుదాం. కళ్లు, వేళ్లు మళ్లీ కొనలేం.